బాయి దిగని ఊపిరి

“ఆ వకీలుకు నువ్వు ఫోన్ చేస్తవా, నన్ను చెయ్యమంటవా?”

సాయవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అడిగింది. తెల్లారి లేచిన దగ్గర్నుంచి ఇదే మాట. షారోన్ బియ్యం కడుగుతున్న చేయి ఆపలేదు.

“ఏమని చెయ్యాలె అత్తమ్మా?”

“నా కొడుకు పేరు ఆ కేసుల నుంచి తీసెయ్యమని. తెల్వనట్టు అడుగుతవేంది?”

“రేపు కమిటీ వస్తుంటే ఇయ్యాల తీసెయ్యమంటే ఎవరు తీస్తరు?”

“సిద్దిరాములు తీపిచ్చుకోలేదా? ఆయనకు లేని అడ్డం మనకెందుకు?”

షారోన్ చేయి అప్పుడు ఆగింది. సిద్దిరాములు పేరెత్తితే కోడలికి ఒళ్లు మండుతుందని అత్తకు తెలుసు. తెలిసే ఎత్తింది.

“ఆయన సంగతి నా ముంగట తియ్యకు.”

“ఎందుకు తియ్యొద్దు? ఆయన తన కొడుకు బతుకు సూస్కున్నడు. నేను నా కొడుకు బతుకు సూస్కుంటున్న. నువ్వేమో వాడకట్టు మొత్తాన్ని నెత్తిమీద పెట్టుకొని తిరుగుతున్నవ్. ఇంట్ల పొయ్యి మీద చారు పొంగుతుంటే సూసెటందుకు మాత్రం తీరది నీకు.”

చారు నిజంగానే పొంగుతోంది. పొయ్యి ముందు కూర్చున్నది సాయవ్వే. షారోన్ ఆ మాట అనబోయి, పళ్లు బిగించుకుని, గుడ్డ పట్టుకొచ్చి గిన్నె దించింది.

ముందు వసారాలో మంచం మీద మామ సమ్మయ్య దగ్గుతున్నాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయి దిగి పనిచేసిన మనిషి. ఊపిరితిత్తుల నిండా బొగ్గుధూళి పేరుకుందనీ, ఇక బాయి దిగడానికి పనికిరాడనీ కంపెనీ డాక్టర్లు ఈ ఎండాకాలమే ఇంటికి పంపేశారు. తండ్రి అన్‌ఫిట్ అయితే ఆ నౌకరి కొడుక్కి వస్తుంది. కాకపోతే కొడుకు ఫిట్ అని తేలాలి. ఈ శనివారమే షారోన్ భర్త జోయల్‌కు కంపెనీ దవాఖానలో మెడికల్ బోర్డు.

అంతకంటే ముందు, అంటే రేపే, ఇదే కొత్తవాడ బడిలో ఇంకో డాక్టరు కూర్చోబోతున్నది. వజ్రతేజ ఆయిల్స్ మీద వాడవాళ్లు వేసిన కేసులో ఎవరికి ఎంత చెరుపు జరిగిందో స్వయంగా చూసి రమ్మని పర్యావరణ ట్రిబ్యునల్ పంపుతున్న కమిటీలోని డాక్టరు.

కాలిన ఇంజన్ ఆయిల్‌ను మరిగించి మళ్లీ అమ్మే ఫ్యాక్టరీ వజ్రతేజ. నిరుడు వానాకాలం దాని ట్యాంకు పగిలి, ఉన్న నూనె అంతా రేగులవాగులోకి దిగింది. అదే వాడ చంద్రవ్వ బర్రెలు వాగులో పడుకుని ఉంటే, వాటిని బయటికి తోలడానికి దూకిన జోయల్ కాలు జారి మునిగాడు. ముక్కులోకీ నోట్లోకీ నూనె పోయి, తలనుంచి పాదాల దాకా నల్లగా బయటికొచ్చాడు. తర్వాత వారం పాటు అందరితో కలిసి ఆ కంపులోనే నిలబడి బకెట్లతో నూనె తోడాడు. అప్పుడు పట్టుకున్న దగ్గు ఇప్పటికీ వదల్లేదు.

శనివారం డాక్టరుకు జోయల్ ఊపిరి బాగుండాలి. గురువారం డాక్టరుకు బాగుండకూడదు; ఇక్కడ రాసిన కాయితం అక్కడికి చేరకుండా ఉండదు. వారం నుంచి ఆ ఇల్లు ఈ రెండింటి మధ్య నలుగుతున్నది.

జోయల్ ఆటో కడిగి లోపలికొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది. ఎవరివైపూ చూడకుండా కంచం ముందేసుకుని కూర్చున్నాడు. సమ్మయ్య కూడా గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నాక, సాయవ్వ కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది.

“ప్రభువా, ఈ అన్నానికి స్తోత్రం. ముసలోని దగ్గు తగ్గియ్యి తండ్రీ. నా కొడుక్కు ముంగటికి వచ్చిన నౌకరి ముంగటి నుంచి పోకుంట కాపాడు. మా ఇంట్లున్నోళ్లకు మంచి బుద్ధి ఇయ్యి. ఊరోళ్ల బాగు సూసే ముందు సొంత మొగని బాగు సూసుకునే మనసు…”

“ఆమెన్,” అంది షారోన్.

సాయవ్వ ఒక కన్ను తెరిచింది. “నా ప్రార్థన ఇంక అయిపోలే.”

“అన్నం సల్లారుతుంది అత్తమ్మా. ఎవరికి అర్థం కావాల్నో వాళ్లకు అర్థమైంది.”

సమ్మయ్యకు నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేదాకా ఎవరూ ముద్ద ఎత్తలేదు. ఆగాక జోయల్ తల వంచుకుని గబగబా తిని, చేయి కడుక్కుని లేచాడు.

“నువ్వన్న ఏమన్న చెప్పు,” అంది షారోన్, వాకిట్లోకి వెంటపడి.

“ఏం చెప్పాలె? మీరిద్దరు చెప్తనే ఉన్నరు గద.”

“గట్ల అనుకుంట పోతే ఎట్ల? నీ పేరు మీదనే గద లొల్లంత.”

“మందమర్రి గిరాకి ఉన్నది,” అన్నాడు జోయల్. ఆటో స్టార్టు చేసి, ఇంటి మలుపు దాటేదాకా బిగబట్టుకుని, అక్కడ దగ్గాడు. ఇంట్లో ఉన్న ముగ్గురికీ వినబడింది. ముగ్గురూ విననట్టే ఉన్నారు.

* * *

మంచిర్యాలలో భానుప్రసాద్ వకీలు ఆఫీసు జిరాక్స్ షాపు పైన ఉంటుంది. షారోన్ మెట్లెక్కి వెళ్లేసరికి ఆయన ఎవరి మీదో ఫోన్లో విసుక్కుంటున్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ విసుగులో మిగిలింది ఆమెకు దక్కింది.

“మళ్ల ఏమైందమ్మా? ఇంకెవరు వెనక్కి పోయిన్రు?”

“ఎవరు పోలే సార్.” ఆమె కుర్చీ అంచున కూర్చుంది. “మా ఆయన రాకపోతే కేసు నడువదా అని అడిగెటందుకు వచ్చిన.”

భానుప్రసాద్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“నువ్వేనా ఇది అడిగేది? పోయినసారి సిద్దిరాములు తప్పుకుంటే ఇదే కుర్చీల కూసొని ఏం మాట్లాడినవో యాదున్నదా?”

“యాదున్నది సార్. మీరు యాది చెయ్యాల్సిన అవసరం లేదు.”

ఆయన కొంచెం తగ్గాడు. జోయల్ మెడికల్ బోర్డు సంగతి ఆమె చెబుతుంటే అడ్డం రాకుండా విన్నాడు.

“చూడమ్మా, వజ్రతేజ వాళ్ల వాదన ఒక్కటే. కొత్తవాడల దగ్గేటోళ్లంతా బొగ్గుబాయిల పనిచేసినోళ్లు, కాకపోతే బీడీలు తాగేటోళ్లు, కాకపోతే కట్టెల పొయ్యి ముందు కూసునే ఆడోళ్లు. వాళ్ల జబ్బుకూ మా నూనెకూ సంబంధం లేదు అంటున్నరు. మీ మామగారు పోయి నిలబడితే వాళ్లకు పండుగ. ముప్పై ఏళ్ల బొగ్గు అని ఒక్కమాటతోని కొట్టేస్తరు.”

“చంద్రవ్వ చేతులున్నయి గద సార్. చర్మమంత పగిలి…”

“ఉన్నయి. చర్మం వేరు, ఊపిరి వేరు. ఊపిరి సంగతి తేలకపోతే కేసు సగం పోయినట్టే. బాయి దిగనోడు, బీడీ ముట్టనోడు, ఆ రోజు వాగుల మునిగినోడు మీ వాడల ఎంతమంది ఉన్నరు?”

షారోన్ లెక్కపెట్టుకోనక్కర లేదు. ఒక్కడే ఉన్నాడు. చర్చిలో పెరిగిన పిల్లవాడు కాబట్టి బీడీ ముట్టలేదు. నౌకరి రాలేదు కాబట్టి బాయి దిగలేదు. బర్రెలు మునిగిపోతుంటే చూస్తూ నిలబడే రకం కాదు కాబట్టి వాగులో దూకాడు.

“ఇప్పుడు కాకపోతే, నౌకరిల చేరినంక చెప్పిస్త సార్. అప్పుడైతే మా అత్తమ్మ అడ్డం రాదు.”

“చేరినంకనా?” భానుప్రసాద్ విసుగ్గా నవ్వాడు. “బాయి దిగిన మర్నాటి నుంచి ఆయన ఊపిరి కూడ బొగ్గు ఖాతాలకే పోతదమ్మా. ఇంక దాన్ని ఎవరూ నమ్మరు. ఉంటే ఇప్పుడే ఉన్నది సాక్ష్యం.”

కిందనుంచి జిరాక్స్ మిషను చప్పుడు వినిపిస్తున్నది. ఆమెకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు.

“అయితే నౌకరి వద్దనుకొమ్మంటరా?”

“నేను గట్ల అనను. నేను మీ వకీలును, మీ ఇంటి పెద్దను కాదు.”

“మరి ఏమంటరు?”

“నిజం చెప్పమంట. రేపు బడిల చెప్పినా, శనివారం దవాఖానల చెప్పినా.”

“మీకేం సార్, చెప్పమంటరు. చెప్పినంక ఇంటికి పోవాల్సింది మేము,” అంది షారోన్. లేచేటప్పుడు కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తకుండానే మెట్లు దిగింది.

* * *

కొత్తవాడ బస్సు స్టేజీ దగ్గర ట్యాంకరు చుట్టూ బిందెలు వరసగా ఉన్నాయి. బావుల్లో నీళ్ల మీద ఇప్పటికీ రంగురంగుల తెట్టు తేలుతుంటుంది. ఆ నీళ్లలో గేదెలు కూడా మూతి పెట్టవు. తాగడానికీ వండడానికీ ఈ ట్యాంకరే దిక్కు.

చంద్రవ్వ బిందె నింపుకుని పక్కకు జరిగి, షారోన్‌ను చూసి ఆగింది. వాగు ఒడ్డున కూరగాయలు పండించి మంచిర్యాల మార్కెట్‌కు మోసిన చేతులు. నూనె తోడినప్పటి నుంచి మోచేతుల దాకా చర్మం ఎండిన మడిమట్టిలా పగిలి ఉంది. ఉడుకపోతలో కూడా ఆమె పొడుగు చేతుల జాకెట్టే వేసుకుంటుంది.

“రేపు జోయల్ వస్తడు గద బిడ్డా?” అంది. “వాడు చెప్పినంకనే నేను చెప్త. నాకు ఆఫీసరోళ్ల ముంగట నోరు రాదు. నా బర్రెల కోసం దుంకిండని వాడు చెప్తే, నేను నా చేతులు సూపిస్త.”

“వస్తడు అత్తా,” అంది షారోన్.

ఎందుకన్నదో ఆమెకే తెలియదు. అనేశాక నాలుక కొరుక్కుంది. చంద్రవ్వ తృప్తిగా తలూపి, బిందె నడుముకెత్తుకుని వెళ్లిపోయింది.

“వస్తడని ఎట్ల చెప్పినవ్ పిల్లా?”

వెనక సిద్దిరాములు. రెండు ప్లాస్టిక్ డబ్బాలు సైకిలుకు కట్టుకుంటున్నాడు. ఎండాకాలం ముందు ఆయన కొడుకు సాగర్‌కు వజ్రతేజ గేటు దగ్గర పని ఇచ్చారు. మర్నాడే సిద్దిరాములు కేసునుంచి తప్పుకున్నాడు. ఆ రోజు షారోన్ ఆయన ఇంటి ముందు నిలబడి, వాడంతా వినేలా కడిగేసింది. నూనె నీళ్లు తాగి నీ బర్రె చచ్చిననాడు కార్చిన కన్నీళ్లు ఎక్కడ అమ్ముకున్నావని అడిగింది. అప్పటినుంచి ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు.

“నీకెందుకు మామా?”

“నాకేం లేదు. శనివారం మెడికల్ అని వాడల అనుకుంటున్నరు. మంచిగైంది. నౌకరి అంటే మాటలా.” ఆయన తాడు ముడి బిగించాడు. “నువ్వు జర ఫికర్ జెయ్యకు. గిట్లనే ఉంటది. నేను సుత కేసుల నుంచి పేరు తీపిచ్చే ముంగట మూడు దినాలు అన్నం ముట్టలే. తర్వాత అదే అలవాటైతది.”

ఆయన గొంతులో ఎగతాళి లేదు. ఉంటే షారోన్‌కు బాగుండేది. తిడితే తిట్టేది. ఇలా జాలిపడితే ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

“నీకూ నాకూ పోలిక లేదు మామా.”

“లేకపోతే మంచిదే బిడ్డా,” అన్నాడు సిద్దిరాములు, సైకిలు నడిపించుకుంటూ.

* * *

ఇంటికి వచ్చేసరికి సాయవ్వ జోయల్ తెల్ల చొక్కా ఇస్త్రీ చేస్తున్నది. శనివారం కోసం అనుకుంది షారోన్.

“వకీలు ఏమన్నడు?”

“పేరు తీసుడు కుదరదన్నడు.”

“మంచిదే.” సాయవ్వ అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి షారోన్ తెల్లబోయింది. “నేను సుత పొద్దటి సంది ఆలోచన జేసిన. రాకపోతే అనుమానం వస్తది. ఎందుకు రాలే, ఏం దాస్తున్నడు అని అడుగుతరు. రేపు వాడు వస్తడు. సారోళ్ల ముంగట నిలబడి, నాకేం కాలే, మంచిగున్న అని చెప్తడు. అయిపాయె.”

“అత్తమ్మా!”

“ఏం? మంచిగున్న అని చెప్పుకునుడు సుత తప్పేనా? మనిషి కలిసినప్పుడల్ల మంచిగున్నవా అంటే మంచిగున్న అనే అంటరు గద.”

“వాడకట్టోళ్ల కేసంత పోతది! వాళ్ల వకీలు ఆ మాటనే పట్టుకుంటడు. నూనెల మునిగినోడే మంచిగున్నడు, మీకేం రోగం అని అందరి నోరు మూపిస్తడు. అట్ల చెప్పేకంటే రాకుండుడే నయం.”

జోయల్ వాకిట్లో ఆటో అద్దం తుడుస్తున్నాడు. షారోన్ అటు తిరిగింది.

“ఇగో, విను. రేపు నువ్వు బడి దిక్కే రాకు. పొద్దుగాల్నే శ్రీరాంపూర్ పో. గిరాకి సూస్కో. నేను ఏదో ఒకటి చెప్పుకుంట.”

“రాకుంట ఎట్ల? వస్తడు,” అంది సాయవ్వ.

“రాడు.”

“నేను కన్న కొడుకు. వస్తడు.”

సమ్మయ్య మంచం మీద నుంచి చేయి ఎత్తాడు. “ఊకోండ్రి. ఇద్దరు ఊకోండ్రి. వాడేమంటడో…” అంటుండగానే దగ్గు కమ్ముకొచ్చింది. సాయవ్వ నీళ్లకు పరుగెత్తింది. షారోన్ వీపు నిమిరింది. ఆ గొడవలో ఆయన మొదలుపెట్టిన మాట ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

జోయల్ అద్దం తుడవడం అయిపోయింది. తుడిచిన అద్దాన్నే మళ్లీ మొదలుపెట్టాడు.

* * *

గురువారం బడికి సెలవిచ్చారు. పిల్లల బెంచీల మీద పెద్దవాళ్లు మోకాళ్లు మడుచుకుని కూర్చున్నారు. బల్ల వెనక ఇద్దరు ఆఫీసర్లు, వాళ్ల పక్కన హైదరాబాద్ నుంచి వచ్చిన డాక్టరమ్మ. ఆమె ముందు ఊపిరి కొలిచే, ఊదుడుగొట్టం ఉన్న చిన్న మిషను. ఒక పక్క భానుప్రసాద్, ఇంకోపక్క వజ్రతేజ తరఫు వకీలు అరుణ్‌కుమార్.

ముందు సమ్మయ్యను పిలిచారు. ఆయన గొట్టంలోకి ఊదలేక వంగిపోయాడు. అరుణ్‌కుమార్ కూర్చున్నచోటి నుంచే మర్యాదగా అడిగాడు.

“పెద్దమనిషీ, బొగ్గుబాయిలో ఎన్నేళ్లు చేశారు?”

“ముప్పై ఏండ్లు సారూ.”

“చాలు. కూర్చోండి.”

భానుప్రసాద్ షారోన్ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. తరువాత చంద్రవ్వను పిలిచారు. ఆమె లేవలేదు.

“జోయల్ వచ్చినంక చెప్త,” అంది, ద్వారం వైపు చూస్తూ.

“ఎవరీ జోయల్?” అంది డాక్టరమ్మ.

షారోన్ లేచింది. లేదు, రాడు, ఊళ్లో లేడు అని చెప్పడానికే లేచింది. ఆ మాట నోటిదాకా వచ్చేసరికి ద్వారం దగ్గర తెల్ల చొక్కాతో జోయల్ నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ల బెంచీల్లో సాయవ్వ గట్టిగా ఊపిరి వదిలింది.

అతను వెళ్లి డాక్టరమ్మ ముందు కూర్చున్నాడు. ఆ రోజు వాగులో దూకిన సంగతి అడిగితే చెప్పాడు. మునిగింది నిజమే అన్నాడు. నూనె లోపలికి పోయింది నిజమే అన్నాడు. చంద్రవ్వ వింటూ ప్రతి మాటకూ తలూపుతున్నది.

“ఇప్పుడెట్ల ఉంది? ఆయాసం వస్తదా?” అంది డాక్టరమ్మ.

జోయల్ బల్ల వైపు చూశాడు. “రాదు మేడమ్.”

“దగ్గు?”

“లేదు. మంచిగనే ఉన్న.”

చంద్రవ్వ తల ఊపడం ఆగిపోయింది. అరుణ్‌కుమార్ ముందుకు వంగి గబగబా రాసుకున్నాడు. వద్దన్నాను కదా, రావద్దన్నాను కదా అని షారోన్‌కు అరవాలనిపించింది. సిద్దిరాములు కిటికీ బయట నిలబడి ఉన్నాడు. ఆమె అటు చూడలేదు.

“సరే, ఒకసారి ఊదు,” అంది డాక్టరమ్మ. “గట్టిగా. ఆపకుండా. ఇంకా… ఇంకా… ఇంకా…”

జోయల్ మెడ నరాలు ఉబ్బాయి. మొహం ఎర్రబడింది. ఆమె ‘ఇంకా’ అంటుండగానే గొట్టం నోటినుంచి జారిపోయి, దగ్గు తన్నుకొచ్చింది. బల్ల అంచు పట్టుకుని దగ్గాడు. డాక్టరమ్మ అతను తేరుకునేదాకా ఆగి, మళ్లీ ఊదించింది. మళ్లీ అంతే. మిషను వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది.

“బాయిల పని చేసినవా తమ్ముడూ?”

“లేదు మేడమ్. ఎన్నడు దిగలే.”

“బీడీ, సిగరెట్?”

“ముట్టలే.”

“మరి మంచిగున్న అంటవేంది? నీ వయసుకు ఉండాల్సిన దాంట్ల సగమే ఉంది ఊపిరి.” ఆమె గొంతు తగ్గించింది గానీ, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినబడింది. “దుమ్ములో చేసే పని ఏదీ పెట్టుకోకు. బొగ్గుబాయి దిక్కు అసలే పోవద్దు. విన్నవా?”

సాయవ్వ బెంచీ మీద కదిలింది.

అరుణ్‌కుమార్ లేచాడు. “మేడమ్, ఆయాసం లేదు, దగ్గు లేదు అని సాక్షి తన నోటితో చెప్పాడు. ముందు అది రికార్డులోకి రావాలి. మిషను ముందు సరిగా ఊదకపోవడం ఎవరికైనా చేతనవుతుంది.”

“కావాలని చేసిండంటరా?” భానుప్రసాద్ కూడా లేచాడు. “నష్టపరిహారం కోసం నాటకం ఆడేటోడు మంచిగున్న అని చెప్తడా?”

“రెండిట్లో ఏది నిజమో ఆయన్నే చెప్పమనండి!”

వకీళ్లిద్దరూ ఒకరి మాటలమీద ఒకరు మాట్లాడుతుంటే డాక్టరమ్మ పెన్నుతో బల్ల మీద కొట్టింది. “ఆగండి. తమ్ముడూ, నువ్వు చెప్పు. ఏం రాయమంటవ్?”

జోయల్ గొట్టం కొనను వేలితో తుడుస్తూ కూర్చున్నాడు.  

“రాయి మేడమ్,” అన్న గొంతు ఆడవాళ్ల బెంచీల్లోంచి వచ్చింది.

సాయవ్వ లేచి నిలబడింది. కొంగు తలమీద నుంచి జారిపోయింది. సర్దుకోలేదు.

“దగ్గున్నదని రాయి. ఆటో తోలి వచ్చి వాకిట్ల కూసొని ఆయాసపడుతడని రాయి. వాడు అబద్ధం చెప్పిండు. నేనే చెప్పమన్న.” ఆమె కొడుకు వైపు తిరిగింది. “మంచిగున్న అంటే మంచిగైపోతడనుకున్న. సగమే ఉందని నాకేమెర్క?”

 ఈ వారమంతా ఈ ముసలిదానితో గెలవాలని షారోన్ ఎన్ని మాటలు కూర్చుకుందో, అవన్నీ అక్కర లేకుండా పోయాయి. గెలిచినట్టు మాత్రం అనిపించలేదు.

జోయల్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఎవరు పిలుస్తున్నా ఆగకుండా బయటికి వెళ్లిపోయాడు.

* * *

షారోన్ పరుగున వెళ్లేసరికి అతను ఆటోలో డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా గుండీలు రెండు విప్పేసుకున్నాడు.

“రావద్దన్న గద నేను,” అంది ఆమె. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ వచ్చేసింది.

“అవును. నువ్వు రావద్దన్నవ్. అవ్వ రమ్మన్నది. వకీలు చెప్పమన్నడు. డాక్టరమ్మ బాయి దిక్కు పోవద్దన్నది. ఇంకెవరన్న మిగిలిన్రా?”

“గట్ల మాట్లాడకు. నీ కోసమే గద…”

“నా కోసమే. అందరు నా కోసమే.” జోయల్ మొట్టమొదటిసారి గొంతు పెంచాడు. “వారం సంది ఇంట్ల లొల్లి. నాకు బాయిల పని ఇష్టమేనా కాదా అని ఒక్కలన్న అడిగిన్రా? నువ్వడిగినవా?”

షారోన్ ఎన్నడూ అడగలేదు. వాడకట్టులో ప్రతి ఇంటి గుమ్మం ఎక్కి, నీకేం కావాలి, నీకేం పోయింది అని అడిగింది. ఈ ఒక్క మనిషిని అడగడం తోచలేదు.

“ఇప్పుడు అడుగుతున్న,” అంది, గొంతు దించి. “ఇష్టమేనా?”

లేదని చెబుతాడని ఆమె అనుకుంది. చెప్పాలని కోరుకుంది కూడా. ఆ ఒక్క మాట అంటే చాలు, నౌకరి పోయినా ఎవరి గుండే పగలదు. కేసు నిలుస్తుంది. చంద్రవ్వ ముందు తల ఎత్తుకోవచ్చు.

“ఇష్టమే,” అన్నాడు జోయల్. “మస్తు ఇష్టం. బాపు షిఫ్టు అయి దోస్తులతోని నవ్వుకుంట వస్తుంటే, నేను ఎన్నడు గట్ల వస్తనా అని సూసేటోన్ని. రోడ్డు మీద గిరాకి కోసం ఎవరి మొఖం పడితే వాళ్ల మొఖం సూసుడు నాకు ఎన్నడు నచ్చలే. అవ్వ చెప్పిందని అబద్ధం చెప్పలే నేను. నాకు గావాలె కాబట్టి చెప్పిన.”

ఆమె ఆటో రాడ్డు పట్టుకుని నిలబడింది. 

“శనివారం పోత,” అన్నాడు అతను, మెల్లగా. “ఆడ గూడ ఊదమంటరో, లేదో. ఎవరికెర్క?”

“డాక్టరమ్మ ఏమన్నదో వినలేదా నువ్వు?”

“విన్న.”

“విని సుత పోతనంటవా?”

అతను జవాబు చెప్పేలోగా బడి ద్వారం దగ్గరికి చంద్రవ్వ వచ్చింది. జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడిచి ఉన్నాయి. లోపల ఆమె వంతు అయిపోయినట్టుంది. ఎండలో ఆ పగిలిన చేతులను దాచుకోవాలన్న ధ్యాస కూడా ఆమెకు లేదు.

“జోయలూ!” అని పిలిచింది. “డాక్టరమ్మ రాసుడు అయిపోయిందట బిడ్డా. నీ సంతకం కావాల్నట. నువ్వు పెట్టకపోతే ఆ కాయితం చెల్లదట. జల్ది రమ్మంటున్నరు.”

ఆమె వెనక, ద్వారంలో, సాయవ్వ కూడా వచ్చి నిలబడింది. కొడుకు వైపు చూస్తున్నది. ఈసారి ఏమీ చెప్పలేదు.

షారోన్ కూడా చెప్పలేదు. పెట్టు అనే మాట ఒకటి, పెట్టకు అనే మాట ఒకటి, రెండూ నాలుక మీదికొచ్చి ఆగిపోయాయి.

“వస్తున్న అని చెప్పు,” అన్నాడు జోయల్, చంద్రవ్వతో.

కానీ ఆటో దిగలేదు.